కుపర్టినోలో ఆ ఫలకం: "మొట్టమొదట కనుగొన్నారు" అంటే ఎవరికి మొదట?

కుపర్టినో_కాకి
శనివారం మా పెద్దమ్మాయిని ఏదో పోటీకి మాంటా విస్టా హైస్కూల్ దగ్గర దింపి, చిన్నాడితో బయట కాలక్షేపం చేస్తున్నా. అక్కడో ఫలకం కనపడింది. కాలిఫోర్నియా చారిత్రక స్థలం నంబర్ 800 అట. అందులో ఉన్నది క్లుప్తంగా ఇదీ: "అరోయో దె సాన్ హోసె కుపర్టినో", అంటే విద్యార్థులకు రక్షకుడైన సెయింట్ జోసెఫ్ పేరున్న ఈ వాగును 1769లో స్పానిష్ అన్వేషకులు మొట్టమొదట కనుగొని దాటారు. 1776 మార్చిలో కల్నల్ హువాన్ బౌతిస్తా దె ఆన్సా, ఆయనతో వచ్చిన పటాలు గీసే పాద్రీ పెద్రో ఫాంట్, వాళ్ల 93వ మజిలీ ఇక్కడే.

మావాడు నాలుగో తరగతి. ఇక్కడ నాలుగులో రాష్ట్ర చరిత్ర ఉంటుంది కదా, ఈ ఫలకం మీదే ప్రాజెక్టు చేస్తానని పట్టుబట్టాడు. బానే ఉంది. తర్వాత అడిగాడు: "నాన్నా, అప్పటిదాకా ఈ వాగు ఎవరికీ కనపడలేదా?"

పదమూడేళ్లుగా డి ఆంజా బౌలేవార్డ్ మీద సిగ్నళ్ల దగ్గర కూర్చుంటున్నా. ఆ ఆంజా (ఫలకం మీది ఆన్సాయే) ఎవరో నాకు ఇప్పటికీ తెలియదు. డి ఆంజా కాలేజీ కట్టించిన దాత అనుకున్నా ఇన్నాళ్లూ. తెలిసినవాళ్లు చెప్పండి. సోమవారానికి ఇవ్వాలి.

గోదారోడు
93వ మజిలీయా! మా ఆవిడ, అత్తగారు, ఇద్దరు పిల్లలతో లాస్ ఏంజెలెస్ వెళ్తే మాకూ అన్నే అవుతాయి.

మిరపకాయబజ్జి
కాలేజీ దాత 😂 నేను మాత్రం ఏదో పిజ్జా కంపెనీ ఓనర్ అనుకున్నా, ఎవరికీ చెప్పకండి.

పాతకాగితాలు
కాకిగారూ, మంచి పని చేశారు ఇక్కడ అడిగి. కొంచెం పెద్దగా రాస్తా, టీ పెట్టుకుని కూర్చోండి.

ఆన్సా స్పెయిన్ నుంచి ఓడ దిగినవాడు కాదు. 1736లో సొనోరాలో, అంటే ఇప్పటి మెక్సికో ఉత్తరపు అంచున పుట్టాడు. తండ్రి పేరూ అదే, ఉద్యోగమూ అదే. ఈయన పసివాడిగా ఉండగానే తండ్రి అపాచీలతో పోరులో చనిపోయాడు. కొడుకూ పెద్దయి సైన్యంలో చేరి, ఇప్పటి అరిజోనాలో ఉన్న తూబాక్ కోటకు కెప్టెన్ అయ్యాడు.

అప్పటికి స్పెయిన్ వాళ్లకు కాలిఫోర్నియా తీరంలో శాన్ డియేగో (1769), మాంటెరే (1770) లాంటి స్థావరాలు కొన్ని ఉన్నాయి. తిండిగింజల నుంచి గుర్రపు నాడాల దాకా అన్నీ ఓడల మీదే రావాలి. ఎదురుగాలికి ఓడలు నెలలు పట్టేవి, వచ్చేసరికి జనం సగం జబ్బుపడేవాళ్లు. పైనుంచి రష్యన్లు దిగుతారన్న భయం. అందుకని నేల మీద దారి కావాలి. మెక్సికోలోని వైస్రాయ్ బుకరేలీ అనుమతితో ఆన్సా 1774 జనవరి 8న తూబాక్‌లో బయల్దేరి, ఎడారి దాటి, మార్చి 22కల్లా లాస్ ఏంజెలెస్ పక్కనున్న శాన్ గాబ్రియేల్ మిషన్‌కి (పాద్రీలు నడిపే మత కేంద్రం) చేరాడు. అది దారి చూసి రావడానికి వెళ్లిన ప్రయాణం.

అసలు ప్రయాణం రెండోది. 1775 అక్టోబర్ 23న తూబాక్ దాటింది: 240 మందికి పైగా జనం, వెయ్యి దాకా పశువులు. అందులో ముప్పై కుటుంబాలు. శాన్ ఫ్రాన్సిస్కోలో కాపురం పెట్టడానికి తీసుకెళ్తున్న కుటుంబాలు. సగం మంది దాకా పిల్లలే.

మీ ఫలకం సంగతి: 1776 మార్చి 10న అందరూ మాంటెరే చేరారు. కుటుంబాలను అక్కడే ఉంచి, ఆన్సా, ఫాంట్, మొరాగా అనే లెఫ్టినెంటు, కొద్దిమంది సైనికులతో 23న ముందుకు కదిలారు. 25 రాత్రి కుపర్టినో వాగు ఒడ్డున పడుకున్నారు. 28న ఇప్పటి గోల్డెన్ గేట్ వంతెన కిందున్న కొండకొమ్ము మీద శిలువ నాటి, కోట ఇక్కడ కట్టండి అన్నారు. ఒక్క రాత్రి నిద్రకి ఊరి పేరు, కాలేజీ, బౌలేవార్డ్.

గోదారోడు
నేను సన్నీవేల్‌లో పదేళ్లు నిద్రపోయా. కనీసం ఒక సందుకైనా...

ఓరుగల్లు_పిల్లగాడు
పాతకాగితాలన్నా, అంతా మంచిగ చెప్పినవ్ గానీ పిల్లగాడు అడిగిన ప్రశ్నకు జవాబు రాలే. "కనుగొన్నారు" ఏంది? ఆ వాగు ఒడ్డున మనుషులు వేల ఏండ్ల సంది బతుకుతున్నరు. ఒలోనీ జనం. అదే లోయలో తామియన్ భాష మాట్లాడేటోళ్లు. ఫాంట్ పాద్రీ డైరీలనే దారి పొడుగునా పల్లెలు తగిలినయని ఉంది. పల్లెల మధ్యలకెళ్లి నడుచుకుంట పోయి "కనుగొన్నం" అంటే ఎట్ల?

సీమ_రాయుడు
ప్రతిదానికీ ఇదే గొడవ. ఫలకం రాసిన కాలం అలాంటిది. స్పానిష్ వాళ్లకి మొదట అని అర్థం చేసుకుంటే సరిపోతుంది. పాతదాన్ని ఇప్పటి కళ్లద్దాలు పెట్టుకుని చదివి కోప్పడటం ఎందుకు.

పాతకాగితాలు
రాయుడుగారూ, అదే తమాషా. ఫలకం మీదున్న 1769 మాట ఆన్సావాళ్లది కాదు, వాళ్లు స్పానిష్ వాళ్లలోనూ మొదటివాళ్లు కాదు. 1769 నవంబర్‌లో పోర్తొలా అనే స్పానిష్ అధికారి దండు పసిఫిక్ వైపు కొండెక్కి అఖాతాన్ని చూసింది. తర్వాత పాలో ఆల్టోలో ఆ పొడుగాటి రెడ్‌వుడ్ చెట్టు దగ్గర మకాం వేసి, ఒర్తేగా అనే సార్జెంటుని అఖాతం చుట్టూ తిరిగి రమ్మని పంపింది. ఆయన ఈ లోయ దాటకుండా ఎటు వెళ్తాడు? 1772లో ఫాహెస్ అనే సైనికాధికారి, క్రెస్పీ పాద్రీ వచ్చారు. 1774లో రివేరా అనే సైనికాధికారి, పాలూ పాద్రీ వచ్చారు. అంటే ఏడేళ్లలో ఇది కనీసం నాలుగో రాక. వాగుకి ఆ పేరు పెట్టింది మాత్రం ఆన్సావాళ్లే. "మొట్టమొదట కనుగొన్నారు" అన్న మాట స్పానిష్ లెక్కలో కూడా ఆన్సాకి చెల్లదు.

సీమ_రాయుడు
సరే, అది నాకు తెలియదు. ఒప్పుకున్నా. కానీ ఫలకం పీకేయాలి అంటే మాత్రం ఒప్పుకోను.

ఓరుగల్లు_పిల్లగాడు
పీకుమని ఎవరన్నరు రాయుడన్నా. పక్కన ఇంకోటి పెట్టుమంటున్న.

మిరపకాయబజ్జి
మన దగ్గర శంకుస్థాపన ఫలకాలు చూడండి. బోరు లోతు ఉండదు, ఎమ్మెల్యేగారి పేరు మాత్రం అరడుగు అక్షరాల్లో. బోరులో నీళ్లు పడ్డాయో లేదో ఊళ్లోవాళ్లని అడిగి తెలుసుకోవాలి. ఇదీ ఆ జాతే.

స్వర్ణ_ఫ్రీమాంట్
ఆ సెయింట్ జోసెఫ్ సంగతి ఎవరూ చెప్పలేదేం? విద్యార్థులకి రక్షకుడు అన్నారు కదా. ఆ ఫలకం ఉన్నది ఆ హైస్కూల్లోనా!! బే ఏరియాలో పిల్లల చదువుల టెన్షన్ తెలిసినవాళ్లకి ఇది మామూలు విషయం కాదు.

పాతకాగితాలు
అవును స్వర్ణగారూ, ఆ ముచ్చట మర్చిపోయా. ఇటలీ దక్షిణాన కొపర్తీనో అనే ఊరివాడు, 1603లో పుట్టి 1663లో పోయాడు. చదువులో బాగా వెనకబడినవాడని అంటారు. పరీక్ష రోజున, తను బాగా చెప్పగలిగిన ఒకే ఒక్క వాక్యం మీద ప్రశ్న వచ్చిందని, అలా గట్టెక్కాడని కథ. అందుకే పరీక్షలు రాసేవాళ్లు ఆయన్ని తలుచుకుంటారు. ప్రార్థనలో ఉండగా గాల్లోకి లేచేవాడని మరో నమ్మకం. దాంతో పైలట్లకూ వ్యోమగాములకూ ఆయనే దిక్కు. 1767లో సెయింట్ అని ప్రకటించారు. ఫాంట్ కూడా ఫ్రాన్సిస్కన్ సంప్రదాయం వాడే కాబట్టి, తమవాడైన కొత్త సెయింటు పేరు వాగుకి పెట్టేశాడు.

తర్వాత ఆ వాగు పక్కన 1844 బ్యాచ్ వలసదారు ఎలీషా స్టీఫెన్స్ స్థిరపడితే అది స్టీవెన్స్ క్రీక్ అయిపోయింది. సెయింటు పేరు వాగుకి పోయి ఊరికి మిగిలింది.

గోదారోడు
చదివిన ఒక్క ప్రశ్నే వచ్చిందా! ఇంటర్లో నేను చదవని ఒక్క ప్రశ్నే వచ్చింది. ఈ స్వామి గురించి నాకు ఎవరూ ముందు చెప్పలేదు.

మిరపకాయబజ్జి
వీసాకి చిల్కూరు బాలాజీ, పరీక్షకి కుపర్టినో జోసెఫ్. 11 ప్రదక్షిణలు ముందు, పాసయ్యాక 108. స్కూల్ చుట్టూ.

స్వర్ణ_ఫ్రీమాంట్
@మిరపకాయబజ్జి ఇలాంటివి రాయకండి, నిజంగా వెళ్లే తల్లిదండ్రులు నాకు ముగ్గురు తెలుసు. అందులో ఒకరు మా ఇంట్లోనే ఉన్నారు.

టూసాన్_తుమ్మచెట్టు
ఈ దారానికి ఆలస్యంగా వచ్చా. అరిజోనా నుంచి రాస్తున్నా. మీరంతా 93వ మజిలీ గురించి మాట్లాడుతున్నారు, నేను ఉండేది తూబాక్ దాటాక వాళ్ల మొదటి మజిలీ పక్కన. తూబాక్ మాకు కారులో గంట లోపే. అక్కడి పాత కోట ఇప్పుడు స్టేట్ పార్కు.

మొదటి రాత్రే ఏం జరిగిందో కాకిగారి అబ్బాయి ప్రాజెక్టులో రాయాలి. ఆ రోజు వాళ్లు ఆగింది లా కనోవా అనే చోట. మాన్యుయేలా పిన్యువేలాస్ అనే ఆమెకు ఆ రాత్రి నొప్పులొచ్చాయి. బిడ్డ అడ్డం తిరిగాడు. బిడ్డ బతికాడు, తెల్లారేలోపు తల్లి పోయింది. ఆమెను తీసుకెళ్లి శాన్ జేవియర్ దెల్ బాక్ మిషన్‌లో సమాధి చేశారు. ఇప్పుడు మనం చూసే తెల్లటి చర్చి ఆ తర్వాత కట్టింది, కానీ చోటు అదే. భర్త హోసె విసెంతె ఫెలిస్ పిల్లలందర్నీ వెంటేసుకుని మిగతా దారంతా నడిచాడు. వెనక్కి రాలేదు. లాస్ ఏంజెలెస్‌లో లాస్ ఫెలిస్ అనే పేట ఉంది కదా, అది ఆయన కుటుంబం పేరే.

కాలిఫోర్నియా చేరేదాకా దారిలో చనిపోయింది ఈవిడ ఒక్కతే. పుట్టిన పిల్లలు ముగ్గురు. నేను మొదటిసారి చదివినప్పుడు నమ్మలేదు. 240 మంది, చలికాలం, ఎడారి, మంచు. పశువులు మాత్రం చాలా చచ్చాయి.

స్వర్ణ_ఫ్రీమాంట్
ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టేశా. నిండు గర్భిణిని గుర్రం మీద ఎక్కించి బయల్దేరడమేంటండీ. ఒక నెల ఆగలేరా.

టూసాన్_తుమ్మచెట్టు
ఆగితే ఎండలొస్తాయి మేడమ్. మా ఎడారిలో జూన్‌లో పశువుల్ని తోలుకెళ్లడం మాటలు కాదు. గర్భిణులు ఆవిడతో పాటు ఇంకా ఉన్నారు. డిసెంబర్ 24 రాత్రి దక్షిణ కాలిఫోర్నియాలో కయోటీ కాన్యన్ దగ్గర సాల్వడోర్ లినారెస్ అనే పిల్లాడు పుట్టాడు. ఆ ప్రాంతం ఇప్పుడు ఆన్సా-బొరేగో పార్కులో ఉంది. వసంతంలో పూలు చూడటానికి మనవాళ్లు కార్లేసుకుని పోతారు చూడండి, అక్కడే.

వాడుకరి_పక్కింటబ్బాయి
240 మందికి ఎన్ని బండ్లు ఉండి ఉంటాయో. కౌబాయ్ సినిమాల్లో గుడ్డ కప్పిన బండ్లు ఉంటాయిగా, అలా ఊహించుకుంటున్నా.

పాతకాగితాలు
ఒక్క బండీ లేదు. ఆ బండ్ల వలస మరో డెబ్బై ఏళ్ల తర్వాత తూర్పు నుంచి వచ్చింది. ఇక్కడ అంతా గుర్రాలు, కంచర గాడిదలు. రోజూ పొద్దున సామాను కట్టి గాడిదలకు ఎక్కించడం, సాయంత్రం దింపడం. ఎక్కించడం అయ్యాక ఆన్సా "వాయాన్ సుబియెందో!" అని కేకేసేవాడు. ఎక్కండర్రా అని. గుర్రం మీద ముందొక పిల్ల, వెనకొక పిల్ల.

ఎడారిలో గుంటల్లో ఊరే నీళ్లే గతి. అందరూ ఒకేసారి పోతే చాలవు కదా, మూడు గుంపులు చేసి ఒక్కో రోజు తేడాతో నడిపించాడు. గుంటలో మళ్లీ నీరు ఊరడానికి ఆ వ్యవధి. ఎవరు ఏమనుకున్నా నాకు ఈ మనిషి మీద గౌరవం ఇలాంటి చోటే.

గోదారోడు
మా పెళ్లిళ్లలో భోజనాల బంతులు నడిపినట్టే. మొదటి బంతి లేచి, ఆకులు తీసి, నీళ్లు చల్లాక రెండో బంతి.

స్వర్ణ_ఫ్రీమాంట్
ఆడవాళ్ల గురించి డైరీల్లో ఇంకేమైనా ఉందా? ప్రసవాలు తప్ప.

పాతకాగితాలు
ఉంది, మంచి కథే. డిసెంబర్ 17న ఆ మూడు గుంపులూ ఎడారి దాటి సాన్ సెబాస్తియాన్ అనే చోట కలిశాయి. బతికి బయటపడ్డామని రాత్రి ఆటపాటలు. ఒక వితంతువు కొన్ని పాటలు పాడింది, జనం కేకలు, చప్పట్లు. ఆమె ఫెలిసియానా అర్బాయో అని చెబుతారు. చిన్న వయసు, ఇద్దరు ఆడపిల్లలతో ఒంటరిగా వలసకొచ్చింది. ఆ పాటలు మర్యాదగా లేవని ఫాంట్ పాద్రీ డైరీలో విసుక్కున్నాడు. ఆమెతో చనువున్న ఒకడు కోపంతో ఆమెను కొడితే ఆన్సా గుడారంలోంచి వచ్చి వాడిని గదమాయించాడు. ఫాంట్ అడ్డుపడి, వదిలెయ్యండి, వాడు చేసింది సరైనదే అన్నాడు. నా ఎదుట ఇలాంటివి జరగనివ్వను అన్నాడు ఆన్సా.

ఆమె మాంటెరే దాకా రాలేదు. శాన్ గాబ్రియేల్‌లోనే ఆగిపోయి ఒక సైనికుణ్ణి పెళ్లి చేసుకుంది. ఆమె మనవడు పీయో పీకో. కాలిఫోర్నియా మెక్సికో చేతిలో ఉన్నప్పటి చివరి గవర్నర్!

స్వర్ణ_ఫ్రీమాంట్
ఈవిడకి ఫలకం ఎక్కడుందో చెప్పండి, నేను వెళ్లి దండ వేసొస్తా.

మిరపకాయబజ్జి
పాద్రీగారు మా మామయ్యలాగే ఉన్నాడు. టూర్‌కి వస్తాడు, దారంతా సణుగుతాడు, డైరీ మాత్రం ఆయనదే బాగుంటుంది.

పాతకాగితాలు
నిజమే 😀 దారిలో చాలా రోజులు ఒంట్లో బాగాలేదు ఆయనకి. అయినా రోజూ నడిచిన దూరం రాశాడు. యాత్ర డైరీల ప్రకారం కుపర్టినో రోజున ఎనిమిది లీగులు, ఏడున్నర గంటలు. అంటే ఇరవై మైళ్ల పైన. పాలో ఆల్టో చెట్టు ఎత్తు కూడా ఫాంట్ పరికరంతో కొలిచి యాభై వారాలు అని రాశాడు (వార అంటే మన గజం కన్నా కాస్త తక్కువ). నాకు మన ఏనుగుల వీరాస్వామి గుర్తొస్తాడు. 1830లో చెన్నపట్నం నుంచి కాశీకి వంద మంది పరివారంతో వెళ్తూ, ఏ ఊళ్లో మజిలీ, ఎన్ని కోసులు, నీళ్లు మంచివా, సరుకులు దొరుకుతాయా అని రాసుకున్నాడు కదా. తేడా ఒకటే, ఆయన ఎవరి ఊరికీ కొత్త పేరు పెట్టలేదు.

అన్నట్టు ఈ కుపర్టినో వాగు గురించి ఆ యాత్ర డైరీల్లో ఉన్న మాట: దారినపోయేవాళ్లకి తప్ప దీనివల్ల ఉపయోగం లేదు అని.

గోదారోడు
ఆగండాగండి. కుపర్టినో పనికిరాదన్నారా?? ఆ పనికిరాని చోట మూడు పడగ్గదుల ఇల్లు కొనడానికి నా రెండు కిడ్నీలూ చాలట్లేదు.

కుపర్టినో_కాకి
డైరీలోని ఆ మాటని ప్రింట్ తీసి మా రియల్టర్‌కి ఇస్తా.

సీమ_రాయుడు
ఒక మాట చెప్తా, తిట్టుకోకండి. ఆ కుటుంబాలు చూస్తే నాకు మనమే కనపడుతున్నాం. ఉన్న ఊళ్లో బతుకు లేక, సర్కారు బట్టలిస్తానంటే, జీతమిస్తానంటే, భూమి దొరుకుతుందంటే పిల్లల్ని ఎత్తుకుని బయల్దేరారు. వాళ్లు సినలోవా, సొనోరా పేదవాళ్లు. స్పానిష్ రక్తం, స్థానిక జాతుల రక్తం, ఆఫ్రికన్ రక్తం అన్నీ కలిసినవాళ్లు. వాళ్లని దొరలు అనడం అన్యాయం.

ఓరుగల్లు_పిల్లగాడు
పేదోళ్లే, కాదనను. కానీ మనం వీసా తీసుకొని వచ్చినం, పన్ను కడుతున్నం, ఎవరి ఊరినీ ఖాళీ చెయ్యలే. వాళ్ల వెనక కోట వచ్చింది, మిషన్ వచ్చింది. 1777ల శాంటా క్లారా మిషన్, 1797ల స్వర్ణక్క ఉండే ఫ్రీమాంట్‌ల మిషన్ శాన్ హోసె. ఒలోనీ జనాన్ని అండ్ల చేర్చుకొని పని చేయించిండ్రు, పారిపోతే పట్టుకొచ్చి కొట్టిండ్రు, రోగాలకు పిల్లలు కుప్పలు కుప్పలుగ పోయిండ్రు. ఇయ్యాల్టికీ మువెక్మా ఒలోనీ వాళ్లు మమ్మల్ని తెగగా గుర్తించుండ్రి అని ఫెడరల్ సర్కారు చుట్టూ తిరుగుతున్నరు. ఇదీ అదీ ఒకటే అంటే నేనొప్ప.

సీమ_రాయుడు
ఒకటే అనలేదు పిల్లగాడా. బయల్దేరిన కారణం ఒకటే అన్నా. చేరాక జరిగింది వేరు.

ఓరుగల్లు_పిల్లగాడు
గట్లయితే సరే.

టూసాన్_తుమ్మచెట్టు
ఇంకో పేరు కూడా ఫలకాల మీద పెద్దగా కనపడదు. 1774లో ఆన్సాకు ఎడారిలో దారి చూపడానికి వెంట ఉన్నవాడు సెబాస్తియాన్ తరబాల్. బాహా కాలిఫోర్నియా స్థానికుడు. శాన్ గాబ్రియేల్ మిషన్ నుంచి పారిపోయి తూర్పుగా ఎడారి దాటి వచ్చాడు. వెంట వచ్చిన భార్య, బంధువు దారిలోనే పోయారు. ఆయన్ని మళ్లీ అదే ఎడారిలోకి, అదే మిషన్‌కి తీసుకెళ్లారు.

యూమా దగ్గర కొలరాడో నది దాటించింది అక్కడి స్థానికులైన కెచాన్ జనం. వాళ్ల నాయకుణ్ణి స్పానిష్ వాళ్లు సాల్వడోర్ పాల్మా అనేవాళ్లు. ఆన్సాకు మంచి స్నేహితుడు, అతనితో మెక్సికో నగరం దాకా వెళ్లాడు. కానీ తర్వాత వచ్చిన స్పానిష్ వాళ్లు కెచాన్ల పొలాల్లో పశువుల్ని మేపారు, ఇస్తామన్న కానుకలు ఇవ్వలేదు. 1781 జులైలో కెచాన్లు తిరగబడ్డారు. రివేరా, గార్సేస్ పాద్రీ, ఇంకా ఎంతోమంది చనిపోయారు. ఆ దారి అక్కడితో మూతపడింది. అంత కష్టపడి వేసిన దారి ఎనిమిదేళ్లు కూడా పనిచేయలేదు.

వాడుకరి_పక్కింటబ్బాయి
మూతపడిన దారికి ఇన్ని బోర్డులా? ఫ్రీవే 101 మీద గోధుమరంగు బోర్డులు చూశా, గుర్రం మీద మనిషి బొమ్మతో.

టూసాన్_తుమ్మచెట్టు
అవే. 1990లో జాతీయ చారిత్రక దారిగా ప్రకటించారు. అరిజోనా సరిహద్దులో నొగాలెస్ నుంచి శాన్ ఫ్రాన్సిస్కో దాకా 1200 మైళ్లు. నేషనల్ పార్క్ సర్వీస్ చూసుకుంటుంది. కొన్ని చోట్ల నడిచే బాట ఉంది, చాలా చోట్ల ఫ్రీవే కిందకి పోయింది.

మాడరేటర్
రియల్ ఎస్టేట్ లింకు పెట్టిన పోస్టు తీసేశాను. కుపర్టినో అనే మాట కనపడగానే వచ్చేస్తున్నారు.

కుపర్టినో_కాకి
ప్రాజెక్టు ఇచ్చేశాం. అప్‌డేట్ అడిగినవాళ్ల కోసం రాస్తున్నా.

ఆదివారం వాణ్ణి స్టీవెన్స్ క్రీక్ దగ్గరికి తీసుకెళ్లా. పెద్ద నీళ్లేం లేవు, రాళ్ల మధ్య సన్నగా పారుతోంది. ఒడ్డున కూర్చుని ఇక్కడ జరిగినవన్నీ చెప్పా. పాద్రీ సణుగుడు బాగా నచ్చింది వాడికి. చార్టు మీద ఫలకం బొమ్మ గీసి, "మొట్టమొదట కనుగొని" అన్న ముక్కని ఎర్ర పెన్సిల్‌తో కొట్టేసి, పక్కన "నిద్రపోయి" అని రాశాడు. నేను మార్చమన్నా. వాళ్లమ్మ ఉండనివ్వండి అంది. కింద మాన్యుయేలా పేరు, తరబాల్ పేరు రాశాడు. ఫెలిసియానా పాట పాడుతున్న బొమ్మ కూడా ఉంది, చేతిలో మైకుతో. 1775లో మైకు ఉండదురా అంటే, మరి అంతమందికి ఎలా వినపడిందీ అన్నాడు.

స్వర్ణ_ఫ్రీమాంట్
మైకు ఉంచండి కాకిగారూ, ప్లీజ్. ఈ ఆదివారం మావాణ్ణి ఆ ఫలకం దగ్గరికి తీసుకెళ్దామనుకుంటున్నా. వచ్చే నెల ఎస్‌ఏటీ (కాలేజీ ప్రవేశ పరీక్ష) ఉందిలెండి. అక్కడ పార్కింగ్ దొరుకుతుందా?

కుపర్టినో_కాకి
ఆదివారం అయితే ఖాళీనే. ప్రదక్షిణలకి మాత్రం చెప్పులు వేసుకునే వెళ్లండి, కంకర ఉంది.